పెళ్లి చీర మీద పల్లికాయలు

మా కాలేజీలో శనివారం ఆఖరి పీరియడ్‌కు "విజయానికి మెట్లు" అని పేరు. వనపర్తిలో డిగ్రీ చదువుకునే పిల్లలకు జీవితంలో పైకి రావడం ఎలాగో ఆ ఒక్క పీరియడ్‌లో చెప్పి ఇంటికి పంపాలి. ఆ పని నాకెందుకు ఇచ్చారని ప్రిన్సిపాల్‌ను అడిగాను. నేను ఎకనామిక్స్ చెప్పేవాణ్ని. నా ఉద్యోగం ఏటేటా కొత్తగా మొదలవుతుంది. జూన్‌లో మళ్లీ రమ్మంటే వెళ్లాలి. నా మోటారు సైకిల్ కూడా ఎత్తు కనబడితే కాసేపు ఆలోచించుకుంటుంది.

"మిగతా అందరికీ క్లాసులున్నాయి సార్. ఆ పీరియడ్ మీకొక్కరికే ఖాళీ" అన్నారాయన.

విజయం మీద ఉపన్యాసాలిచ్చేవాళ్లను చాలామందిని విన్నాను. వాళ్ల అర్హతను ఎవరూ ఇంత నిజాయితీగా చెప్పలేదు.

అలా మొదలుపెట్టాను. కష్టపడాలి అని ఒక మెట్టు, పొద్దున్నే లేవాలి అని ఒక మెట్టు, ఎవరి మీదా ఆధారపడకూడదు అని ఒక మెట్టు. నాగర్‌కర్నూల్‌లో మా యాజమాన్యానికే ఇంకో కాలేజీ ఉంది. అక్కడికీ నెలకోసారి పంపేవాళ్లు, అవే మెట్లు అక్కడా ఎక్కించి వచ్చేవాణ్ని. ఒకసారి వీపనగండ్ల నుంచి వచ్చే ఒక అమ్మాయి చెయ్యెత్తి, "సార్, మా నాయిన దినాం కోడి కంటె ముందే లేస్తడు. ఎప్పుడు గెలుస్తడు సార్?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. అదృష్టవశాత్తూ బెల్లు కొట్టారు.

ఈ ఏడు మా అక్క ఇంట్లో జరిగింది చూశాక ఆ పీరియడ్‌లో నోరు తెరవడమే కష్టమైపోయింది. జ్ఞానోదయమై కాదు. విసుగు పుట్టి.

అక్కది గద్వాల. మేం నేతవాళ్లం. మా నాయన హయాంలో ఇంట్లో ఒక మగ్గం, ఇద్దరు పిల్లలు ఉండేవాళ్లు. పని అక్కకు వచ్చింది, కాలేజీ నాకు వచ్చింది. పంపకం సమానంగానే జరిగిందని మా నాయన చివరిదాకా నమ్మాడు. అక్కను అదే వీధిలో ఇంకో మగ్గమున్న ఇంటికి ఇచ్చారు. అప్పటినుంచి ఆమె, మా బావ మగ్గం కింది ఒకే గుంతలోకి కాళ్లు దించి పక్కపక్కన కూర్చుని నేస్తున్నారు.

గద్వాల చీర సంగతి ఒకటి చెబితే గానీ మిగతాది అర్థం కాదు. నడుమంతా నూలు, అంచులు పట్టు. వాటి పోగులు వేరు, పోగును అడ్డంగా అటూ ఇటూ మోసే నాడెలు వేరు. అంచు వచ్చి నడుమును తాకే చోట ప్రతి వరుసలోనూ పట్టుపోగును నూలుపోగుకు మెలేసి తగిలించాలి. దాన్ని కుప్పడం అంటారు. ఈ వైపు అంచు ఒకరు చూసుకుంటే ఆ వైపు అంచు ఇంకొకరు చూసుకోవాలి. నడుమ తిరిగే నాడెను ఒకరి చేతిలోంచి ఒకరు అందుకోవాలి. అందుకే ఇద్దరు కూర్చుంటారు. ఒక్కరే నేయడం నేరమేమీ కాదు. బావిలో నీళ్లు చెంచాతో తోడటం కూడా నేరం కాదు.

ఆ పక్కన కూర్చునే మనిషి ఇంటి మనిషే అయ్యుండాలి. భార్య, కూతురు, కోడలు, తమ్ముడు, ఎవరైనా సరే ఇంటివాళ్లే. ఎక్కడా రాసిపెట్టలేదు గానీ మా వీధిలో రాసిపెట్టినవాటికి ఇంత మర్యాద లేదు. బయటివాళ్లను తెచ్చి గుంతలో కూర్చోబెట్టుకున్నారంటే ఆ ఇంట్లో మనుషులు అయిపోయారని, మగ్గం రేపో మాపో లేస్తుందని అర్థం. ఆకలేస్తే పక్కింట్లో బియ్యం అడగొచ్చు. పక్కన కూర్చోవడానికి మనిషిని మాత్రం అడగకూడదు.

ఏం నేయాలో చెప్పేది సావుకారి. మగ్గం మీద నిలువుగా ఎక్కించే పడుగు, మూడు నాలుగు చీరలకు సరిపడేది, ఆయనది. పట్టు ఆయనది, జరీ ఆయనది. నేసిన చీర ఆయన తీసుకుని కూలి ఇస్తాడు. పెళ్లయిన నాటినుంచీ అక్కతో హంసలు నేయిస్తున్నాడు. అక్కకు హంసల మీద పగేమీ లేదు. కానీ ఆమె ఎప్పుడూ హంసను చూడలేదు. ఎవరూ చూడలేదు. కిందటేడు ఒకరోజు గళ్ల కాగితం తెప్పించుకుని, అంచు పొడుగునా పల్లికాయలు గీసింది. నడుము నొక్కినట్టుండే రెండు గింజల కాయ, పక్కన చిన్న ఆకు, మళ్లీ కాయ. గీసి సావుకారి ముందు పెట్టింది.

"ఇదేందమ్మా?"

"పల్లికాయ."

"అది కనవడుతుంది. పెండ్లి చీరె మీద పల్లికాయలేందమ్మా? పిల్ల పీటల మీద కూసుంటదా, మార్కెట్ యార్డుల కూసుంటదా?"

"మామిడిపిందెలు ఏస్తే లేని తప్పు పల్లికాయకు వచ్చిందా? మన దిక్కు మామిడితోటలెన్ని, పల్లిచేన్లెన్ని?"

సావుకారి నవ్వి కాగితాన్ని ఫోనులో ఫొటో తీసుకుని పోయాడు. నవ్వుకోవడానికే తీసుకున్నాడనుకుంటా. కానీ ఆ ఫొటో తిరిగి తిరిగి హైదరాబాద్‌లో ఒక పెళ్లికూతురి తల్లి కంట్లో పడింది. ఆమె పుట్టిల్లు అమరచింత దగ్గర పల్లెటూరట. ఫోన్లోనే కళ్లనీళ్లు పెట్టుకుని, ఇదే కావాలందట. సావుకారికి కళ్లనీళ్ల మీద గౌరవం ఉంది, ముఖ్యంగా ఆర్డరుతోపాటు వచ్చినప్పుడు. బొమ్మ నేతలో పడేలా చిల్లుల అట్టలు కొట్టించి, మగ్గం మీద కొత్త పడుగు ఎక్కించి అక్కతో అన్నాడు:

"ఒక్క పడుగు చూస్త. శ్రావణంల పెండ్లి. ఆ లోపట మొదటి చీరె నా చేతికి రావాలె. వచ్చిందనుకో, ఇగ నీ బొమ్మలు నువ్ ఏసుకో, నేనడ్డం రాను. రాకపోతే పడుగు కోసుకపోయి ఇంకో ఇంట్ల ఎక్కిస్త. నువ్ మల్ల హంసలు నేసుకో."

అక్క ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసింది. మామూలుగా ఫోన్ చేస్తే నేనేం తిన్నానో అడుగుతుంది. ఆరోజు అడగలేదు. "తమ్మీ, నా బొమ్మ ఎక్కింది" అని మాత్రం చెప్పి పెట్టేసింది.

సగం చీర కూడా కాకముందే బావ భుజం పట్టేసింది.

మా బావ మంచివాడు. ఈ మాట ఇంకోసారి చెప్పాల్సి రావచ్చు. దవాఖానలో డాక్టరు "చెయ్యి పైకి ఎత్తొద్దు" అన్నాడు. బావ జీవితంలో ఏ పెద్దమనిషి మాటా ఇంత శ్రద్ధగా పాటించలేదు. గ్లాసు ఎత్తడం మానేశాడు, చెప్పులు తియ్యడం మానేశాడు. బాగున్న చేతిలోకి మాత్రం ఫోన్ వచ్చింది. మగ్గానికి ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుని, విజయం గురించిన వీడియోలు చూడటం మొదలుపెట్టాడు. వాటిలో కోటు తొడుక్కున్న ఒకాయన అరుస్తుంటాడు. "లెండి! ఏనుగు అడవిలో ఎవరి తోడూ అడగదు! ఒంటరిగా నడుస్తుంది!"

ఆదివారం నేను వెళ్లేసరికి ఇల్లంతా ఆ అరుపే. "ఏనుగులు మందగానే తిరుగుతయ్ గద బావా" అన్నాను.

"నీది పుస్తకం బామ్మర్ది. ఆయనది అనుభవం."

అక్క ఆ ఏనుగు లాగే నేస్తోంది. ఈ వైపు అంచులో పోగు తగిలించి, నాడె విసిరి, గుంతలోంచి సగం లేచి, అటువైపు వాలి, అక్కడ పోగు తగిలించి, నాడె తీసుకుని, మళ్లీ వచ్చి కూర్చుని వరుసను బిగించే దెబ్బ ఒకటి వేసేది. అటు వైపు దెబ్బ సమంగా పడక బట్ట వదులుగా వచ్చేది. వచ్చినచోట విప్పేది. నేను చూస్తున్నంతసేపూ చీర ముందుకు పోలేదు. ఒక దశలో వెనక్కి పోయింది.

"నేను కూసుంట అక్కా. జర చూపియ్యి."

కూర్చున్నాను. చిన్నప్పుడు నేర్చుకున్నదే కదా అనుకున్నాను. చేతులకు గుర్తుంటుందని మా వాళ్లంటారు. నా చేతులకు ఎకనామిక్స్ గుర్తుంది. అక్క కాసేపు ఓర్చుకుంది. తరవాత నేను నేసిన వైపు వేలితో మీటి చూసింది.

"నువ్ కూసుంటే ఇది చీరె కాదు తమ్మీ, యూరియా సంచి అయితది. లే."

లేచాను. పెళ్లికి ఇంకా వారాలు ఉన్నాయి గానీ ఆ వేగంతో అయితే పెళ్లికూతురి కూతురికి అందేలా ఉంది. కాబట్టి అందరికీ తెలిసి ఎవరూ అనని మాట నేను అన్నాను.

"పక్కింట్ల మీ యారాలున్నది గద."

యారాలంటే తోడికోడలు. బావ వాళ్ల అన్న భార్య. గోడ ఒకటే, ఇళ్లు రెండు. ఆమె మంచి నేతగత్తె అని వీధిలో అందరూ ఒప్పుకుంటారు. బావ అన్న మగ్గం వదిలేసి హైదరాబాద్‌లో ఒక పెద్ద చీరల దుకాణంలో మడతలు పెట్టే పనికి కుదిరాక ఆమె పక్కన కూర్చునే మనిషి లేకుండా పోయాడు. ఇప్పుడు వాళ్ల మగ్గం గుంత మీద చెక్కలు పరిచి ఉల్లిగడ్డలు ఆరబెడతారు. రెండు ఇళ్లకూ మాటలు లేక ఏళ్లయింది. నల్లా గోడకు ఇటు పెట్టాలా అటు పెట్టాలా అన్న దగ్గర ఆగిపోయాయి. నల్లా చివరికి వీధిలో పెట్టారు.

"సచ్చినా అడగ" అంది అక్క.

"పోనీ నేనడుగుత."

"నువ్ అడిగినవంటె నా ఇంటికి రాకు."

బావ ఫోనులోంచి తల ఎత్తాడు. "అడుగుడుల తప్పేం లేదు. అడగనిదే అమ్మయినా పెట్టదు" అన్నాడు. అది వీడియోలోది కాదు, మన సామెతే. అందుకే అందులో ప్రమాదముందని నాకు తట్టలేదు.

మర్నాడు నేను నాగర్‌కర్నూల్‌లో ఉన్నాను. "చొరవ" అనే మెట్టు మీద ఉన్నాను. జేబులో ఫోన్ వణుకుతూనే ఉంది. క్లాసయ్యాక చూస్తే గద్వాలలో మా వీధి గ్రూపు. అందులో మామూలుగా కరెంటు ఎప్పుడు పోతుందో, ఎవరు పోయారో పెడతారు. దాంట్లో బావ పెట్టాడు: "మా ఇంటి మగ్గం మీద పక్కన కూర్చొనుటకు మనిషి కావలెను. ఆడ, మగ ఎవరైనను సరే. వెంటనే సంప్రదించగలరు." కింద ఏనుగు బొమ్మ.

మా వీధి దాన్ని ఎలా చదివిందో ఊహించడం కష్టం కాదు. ఆ ఇంట్లో మనుషులు అయిపోయారు. అంటే మా బావ అయిపోయాడు.

అక్క ఫోన్‌లో గొంతు తగ్గించి చెప్పింది. "తమ్మీ, జనం వస్తుండ్రు. అరటిపండ్లు, బ్రెడ్డు పాకిట్లు పట్టుకోని వస్తుండ్రు. ఏం జేయాలె?"

మర్నాడే సెలవు పెట్టి బస్సెక్కాను. ఆత్మకూరులో బస్సు డ్రైవరు టీ తాగి, తాపీగా పేపరు కూడా చదివాడు. ఆయన విజయం సాధించిన మనిషని నాకు అప్పుడే అనిపించింది. జూరాల దాటి గద్వాల చేరేసరికి అక్క ఇంటి ముందు చెప్పులు గుంపుగా ఉన్నాయి. లోపల ఒక ముసలామె బావ బాగున్న చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది.

"ఎంత పని అయిపాయె నాయనా! మొన్నటిదాక బాగనే తిరుగుతుంటివి గద!"

"ఇప్పుడు గూడ బాగనే ఉన్న అత్తా."

"అందరు గట్లనే అంటరు బిడ్డా."

అక్క మగ్గం మీద లేదు, పొయ్యి దగ్గర ఉంది. పరామర్శకు వచ్చినవాళ్లకు చాయ్ పెట్టకపోతే ఎలా? ఒకరికి ఇస్తే ఇద్దరు వస్తున్నారు. నిన్నటినుంచీ ఒక్క వరుస పడలేదు. మగ్గం మీద బ్రెడ్డు పాకెట్లు పెట్టారు. కూర్చునే మనిషి కావాలని అడిగితే వీధివీధంతా వచ్చింది, నేల మీద కూర్చుని చాయ్ తాగింది. గుంతలో కూర్చుంటానన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఎలా అంటారు? ఇంకొకరి ఇంట్లో మనుషులు అయిపోయారని ముద్ర వేయడానికి ఎవరికి నోరొస్తుంది? మా వాళ్లు అంత మర్యాదస్తులు. ఆ మర్యాదను ఆ రోజు నేను చాలా బూతులు తిట్టుకున్నాను, మనసులో.

అప్పుడే సావుకారి వచ్చాడు. ఆయన కూడా అరటిపండ్లు తెచ్చాడు. బావను రెండు మాటలు అడిగి, మగ్గం దగ్గరికి పోయి, నేసినమేర జానలతో కొలిచాడు.

"అమ్మా, తప్పు పట్టుకోకు. ఇంట్ల మనుషులు లేరంటిరి. పెండ్లివాల్లకు నేను మాటిచ్చిన. రేపు పొద్దుగాల మనిషిని తోలుత, పడుగు తీస్కపోతడు."

అక్క చాయ్ గిన్నె దించి పెట్టింది. పల్లికాయల కాగితం మగ్గం గుంజకు గుచ్చి ఉండేది. అటు చూడకుండా ఉండటానికి ఆమె చేసిన ప్రయత్నం నేను చూశాను. "సేటూ, ఇంకొక వారం..." అని నేనేదో మొదలుపెట్టాను.

"ఎవరన్నరు ఈ ఇంట్ల మనుషులు లేరని?"

గుమ్మంలో యారాలు. కొంగు బొడ్లో దోపుకుని ఉంది. ఉల్లిగడ్డల వాసన వస్తోంది. ఆ గడపలో ఆమెను చూసి ఎన్నేళ్లయిందో, పరామర్శకు వచ్చినవాళ్లందరూ ఏడుపు ఆపి సర్దుకుని కూర్చున్నారు.

"నేనన్లేదమ్మా. నీ మరిదే గ్రూపుల ఏసిండు" అన్నాడు సావుకారి.

ఆమె బావ వైపు తిరిగింది. "చెయ్యి పడిపోతే పడిపాయె, బుద్ధి గూడ పడిపోయిందా నీకు? ఇంటి గుంతల కూసునెటందుకు ఊర్ల మనుషులను పిలుస్తవా? ఇంటి పేరు నీ ఒక్కనిదేనా? మా ఆయనది కాదా? నాది కాదా?"

"వదినా, అడగనిదే అమ్మయినా..."

"నోర్ముయ్."

బ్రెడ్డు పాకెట్లు తీసి ముసలామె ఒళ్లో పెట్టింది. గుంతలోకి కాళ్లు దించి, బావ చోటులో కూర్చుంది. అంచు పోగులు వేళ్లతో ఒకసారి సవరించి, ఎవరి వైపూ చూడకుండా అంది: "నేను నీ కోసం కూసుంటలేను."

"తెల్సు" అంది అక్క, వచ్చి పక్కన కూర్చుంటూ.

ఏళ్ల తరవాత వాళ్ల మధ్య నడిచిన సంభాషణ అంతే. సావుకారి అరటిపండ్లు ఎవరికివ్వాలో తెలియక నాకిచ్చి పోయాడు.

ఆ తరవాత నేను ఊహించినవేవీ జరగలేదు. వాళ్లు కలిసిపోయి ఏడవలేదు. పాత సంగతులు మాట్లాడుకోలేదు. మాట్లాడినవన్నీ పోగుల మాటలే: "ఇడువు." "పట్టు." "అంత గుంజకు." "నువ్వే వదులుగ ఇడుస్తున్నవ్." కానీ మొదటి రోజునుంచే దెబ్బ కలిసింది. గోడ అవతల నుంచి ఇన్నేళ్లుగా ఆమె అక్క మగ్గం చప్పుడు వింటూనే ఉంది. తిట్టుకుంటూ విన్నా విన్నట్టే. చాయ్ మాత్రం మొదట్లో తన ఇంటినుంచి గ్లాసులో తెచ్చుకునేది. తరవాత ఒక రోజు తేలేదు. అక్క ఇంకో గ్లాసు పెట్టింది.

నాకు విసుగు పుట్టిందని ముందే చెప్పాను. ఇక్కడ పుట్టింది. తరవాత ఒక శనివారం క్లాసులో ఇదంతా పిల్లలకు చెప్పాను, మెట్ల బదులు. శ్రద్ధగా విన్నారు. చివర ఒకడు పెన్ను పట్టుకుని అడిగాడు: "సార్, ఇందుల రాసుకునే పాయింట్ ఏంది?"

ఏం చెప్పాలి? కష్టపడండి అందామా? అక్క ఒంటరిగా ఉన్నప్పుడు పడినంత కష్టం తరవాత ఎప్పుడూ పడలేదు, అప్పుడే చీర వెనక్కి పోయింది. చొరవ చూపండి అందామా? చొరవ చూపింది మా బావ ఒక్కడే. పాత పగలు మరిచిపోండి అందామా? మరిచిపోయి ఉంటే ఆమె కోపంతో గడప దాటి వచ్చేదే కాదు. మర్యాదగా అరటిపండ్లు తెచ్చి ఏడ్చి పోయేది. మరి మీ పక్కింట్లో మీతో మాట్లాడని మంచి నేతగత్తె ఒకామె ఉండేట్టు ముందే చూసుకోండి అని చెప్పాలా? దాన్ని ఏ మెట్టు కింద రాస్తారు? గెలిచినవాళ్లందరి పక్కనా ఇలాంటి మనిషి ఒకరు ఎక్కడో కూర్చునే ఉంటారని నా అనుమానం. అనుమానాన్ని పరీక్షలో రాయలేరు. "కష్టపడాలి అని రాసుకో" అన్నాను. వాడు రాసుకున్నాడు. నాకు నా మీదే ఒళ్లు మండింది.

చీర శ్రావణానికి ముందే దిగింది. సావుకారి దాన్ని వాకిట్లో ఎండలో పరిచి, తిరగేసి, కుప్పడం దగ్గర గోరుతో గీకి చూశాడు. "పల్లికాయలు బాగనే కాసినయ్" అన్నాడు. ఆయన భాషలో అది పెద్ద సన్మానం. తరవాత బావను పిలిచి, చీర అంచు పట్టుకుని నిలబడమని ఫొటో తీశాడు. మా వీధిలో మగ్గం మగవాడిది. ఎవరు నేసినా "ఫలానా ఆయన చీర" అంటారు. ఆ ఫొటో కింద ఎవరో "భుజం నొప్పిని జయించిన నేతన్న" అని రాశారు. అది గ్రూపు నుంచి గ్రూపుకు దూకుతూ వనపర్తి వచ్చి మా ప్రిన్సిపాల్‌ను చేరింది.

"మీ బావగారంట కదా సార్! ఇంత స్ఫూర్తి ఇంట్లో పెట్టుకుని చెప్పలేదేం? వార్షికోత్సవానికి పిలుద్దాం."

"నేసింది మా అక్క, ఆమె తోడికోడలు సార్. పిలిస్తే వాళ్లిద్దర్నీ పిలవాలి."

ఆయన నిజంగానే ఆలోచించారు. "ఫ్లెక్సీ మీద ఒక్క ఫొటోకే చోటుంది సార్. చైర్మన్ గారు, కరస్పాండెంట్ గారు, చైర్మన్ గారి నాన్నగారు, నేను. మిగిలింది ఒకటే. ఇద్దరిని ఎట్లా పట్టిస్తాం?"

అక్కను అడిగితే ఆమె నాడె ఆపకుండానే జవాబిచ్చింది. "నాకేడిది తీరిక? రెండో చీరె మీద ఉన్న. ఆయన్ని తీస్కపో తమ్మీ, ఇంట్ల సప్పుడన్న తగ్గుతది."

బావను తీసుకుపోయాను. శాలువా కప్పేటప్పుడు నొప్పి ఉన్న భుజం మీదే కప్పారు, ఓర్చుకున్నాడు. మైకు అందుకుని చాలా బాగా మాట్లాడాడు. ఎవరి మీదా ఆధారపడొద్దన్నాడు. ఏనుగు గురించి చెప్పాడు. పిల్లలు ఈలలు వేశారు. ప్రిన్సిపాల్ నా వైపు చూసి, నేర్చుకోండి అన్నట్టు తల ఊపారు.

తిరుగు ప్రయాణంలో జూరాల దగ్గర దిగి చేపలు తిన్నాం. బావ శాలువా మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఎట్ల మాట్లాడిన బామ్మర్ది?"

"బాగ మాట్లాడినవ్."

చేప ముల్లు తీసి పక్కన పెట్టాడు. "ఏందో ఇడిసిపెట్టినట్టు అనిపిస్తుంది."

"ఇద్దర్ని ఇడిసిపెట్టినవ్ బావా."

ఆ ముక్క ఇక నోట్లోకి పోలేదు. "చెప్దామనే పోయిన" అన్నాడు. "ఇంట్ల గూడ అనుకున్న, పోంగనే వాల్ల పేరు చెప్పాలని. ఆ శాలువ కప్పిండ్రు సూడు, అంతే, అన్ని మర్శిపోయిన." మా బావ మంచివాడు. రెండు చేపలు వేరుగా పొట్లం కట్టించాడు.

ఇంటికి చేరేసరికి మగ్గం చప్పుడు లేదు. అరుపులు వినబడుతున్నాయి. నల్లా గొడవ మళ్లీ లేచిందేమోనని గబగబా గడప దాటాను. లోపల ఇద్దరూ గుంతలోనే ఉన్నారు. మేం లేనప్పుడు సావుకారి వచ్చి పోయాడట. ఈ పడుగు అయ్యాక ఇంకో పడుగు తెస్తానని, బొమ్మ వీళ్ల ఇష్టమేనని, పెళ్లివాళ్ల చుట్టాలు ఇంకో రెండు చీరలు అడిగారని చెప్పాడట. అక్కకు కావలసింది అదే. ఏళ్ల తరబడి కావలసింది. ఆ సంతోషం చాయ్ చల్లారినంత సేపు కూడా ఉండలేదు.

"వచ్చే పడుగు మీద బొమ్మ నాది" అంటోంది యారాలు.

"నీకు బొమ్మ ఏసుడు వచ్చా?"

"నీకు తల్లి కడుపులకెళ్లి వచ్చిందా?"

"ఏం ఏస్తవ్? చెప్పు."

"చెప్ప. చెప్తే నువ్ ఏసుకుంటవ్."

"మగ్గం నాది."

"మగ్గం నీదే. ఈ పక్క చెయ్యి ఎవలది?"

అక్క నన్ను చూసింది. "తమ్మీ, సదువుకున్నోనివి, నువ్ చెప్పు. సావుకారి తోని కొట్లాడి బొమ్మ ఎక్కించింది నేను. ఇన్నేండ్లు హంసలు నేసింది నేను. ఇది న్యాయమేనా?"

"ఒక పడుగు నువ్వు, ఒక పడుగు ఆమె..." అన్నాను.

"నడుమ నువ్వెందుకు?" ఇద్దరూ ఒకేసారి అన్నారు. బావ చేపల పొట్లం పట్టుకుని వాకిట్లోనే ఉండిపోయాడు.

అక్క కోపంగా మగ్గం వైపు తిరిగింది. కాళ్ల కింది చెక్కను గట్టిగా తొక్కింది. పడుగు విచ్చుకుంది. నడుమ నాడె అటువైపు యారాలి చేతిలో ఉంది. వరుస పడాలంటే అది ఇటు రావాలి.

"నాడె ఇయ్యి."

యారాలు దాన్ని ఒళ్లో పెట్టుకుని, పైన చేతులు పెట్టుకుంది. "ఇస్త. ముందు ఊఁ అను."

అక్క గోడను చూసింది. గుంజకు గుచ్చిన తన కాగితాన్ని చూసింది. సగం నేసిన రెండో చీరను చూసింది, విచ్చుకున్న పడుగు ఆమె కాళ్ల బలం మీదే నిలిచి ఉంది. ఎంతసేపని తొక్కిపట్టుకుంటుంది?

"ఊఁ" అంది, పళ్ల మధ్య నుంచి.

"గట్టిగ."

"ఊఁ అన్న గదనే!"

నాడె ఇటు వచ్చింది.